మగ్రిబ్ తర్వాత మట్టి పాఠం

పిల్లలకు వుజూ నేర్పుతూనే నా తల నెరిసింది. దైవప్రవక్త (స) ఒక 'ముద్', అంటే లీటరుకన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని చెబుతూనే ఉన్నాను. పక్కన కుళాయి ధారగా పోతూనే ఉంది. తప్పు పిల్లలది కాదు. చెప్పడమే తప్ప చేసి చూపించని నాది.

సోదరులారా! వారానికొక సాయంత్రం మగ్రిబ్, ఇషాల మధ్య మన మొహల్లాలో పని నేర్పే తరగతి పెట్టుకుందాం. సబ్బు కలవని వుజూ నీటిని మొక్కలకు మళ్లించడం, వంటింటి తొక్కలపై ఎండుటాకులు పరచి ఎరువు చేయడం, 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రంతా నానబెట్టి 100 లీటర్ల కషాయం తీయడం సేద్యం చేసిన పెద్దలు నేర్పగలరు. విత్తనాలు దాచే విద్య మన నానీమాలకు తెలుసు.

దీనీ తాలీముకు ఇది అడ్డు కాదా అంటారేమో! నాటిన చెట్టు పండును పిట్ట తిన్నా సదఖాయేనని హదీసు చెబుతోంది కదా. పెద్దలతోపాటే వారి విద్యనూ ఖబరస్తానుకు సాగనంపవద్దు.