నీడ వేరు, చీకటి వేరు

ఇటీవల నగరములలో అపార్ట్‌మెంటు కొనువారి నోట ఒక క్రొత్త కోర్కె వినవచ్చుచున్నది. గోడలు బొగ్గు రంగున ఉండవలెను. కొయ్యపని ముదురు వన్నెలో ఉండవలెను. దీపములు కనబడక వాటి వెలుగు మాత్రమే కనబడవలెను. ఒక మూల కాగితపు లాంతరు, ఒక మూల రాతి తొట్టి, నేలనంటి యుండు మంచము. మొత్తముమీద జపాను దేశపు ఛాయయు, ఖరీదైన చిన్న హోటలులో దిగిన యనుభూతియు కలుగవలెను. అలంకరణ చేయువారు దీనిని రెండు మాటలలో ముగింతురు: జపాను పద్ధతి, బొటీక్ హోటలు వాతావరణము. రెండు మాటలును ఒక్క ఊపిరిలో వినబడుటచే రెండును ఒకటే యని తోచును. వాస్తవమునకు మొదటిది ఇంటిని గూర్చిన యాలోచన; రెండవది అతిథిని గూర్చిన వ్యాపారము. ఈ భేదమును విచారింపకయే గోడలకు నల్లరంగు పూయుట తొందరపాటగును.

ముందుగా ఆ కోర్కెను గౌరవింపవలెను. వట్టి వేలంవెర్రి యని త్రోసివేయుట న్యాయము కాదు. పగలెల్ల కార్యాలయమున తెల్లని దీపముల క్రింద, కంప్యూటరు తెర యెదుట పనిచేసి, దారిపొడవునను ప్రకటన ఫలకముల తళుకులు చూచి ఇల్లు చేరినవానికి మరల నాలుగు తెల్లని గోడలును, నడినెత్తిన ఒక ట్యూబులైటును ఎదురైనచో కంటికి విశ్రాంతి ఎచ్చట? మన నగరములలోని పెక్కు ఇండ్లలో దీపమనగా కప్పునుండి సమముగా గ్రుమ్మరించు వెలుగే. ఆ వెలుగులో వంటపాత్రయు, దేవుని పటమును, నిద్రించు బిడ్డ మొగమును ఒకే తీరున కనబడును. దేనికిని గుట్టు లేదు. దేనికిని ప్రాధాన్యము లేదు. అట్టి వెలుగునుండి తప్పించుకొనగోరుట మంచి కోర్కెయే. తప్పించుకొని ఎచ్చటికి చేరవలెనన్నదే ప్రశ్న.

ఈ విషయమును ఆధునిక కాలమున మిక్కిలి సూక్ష్మముగా విచారించినవాడు జపాను నవలాకారుడు జునిచిరో తనిజాకి (1886–1965). ఆయన 1933 డిసెంబరులోను, 1934 జనవరిలోను ఒక పత్రికయందు రెండు భాగములుగా ప్రకటించిన వ్యాసము పేరు 'ఇన్‌ఎయి రైసాన్'; అనగా నీడల స్తుతి. 1977లో ఆంగ్లానువాదము వెలువడిన పిమ్మట అది పెక్కు దేశముల వాస్తుశిల్పులకు పారాయణ గ్రంథమైనది. నల్లగోడలను సమర్థించువారు తరచుగా దానినే సాక్ష్యమునకు పిలుతురు. కాని ఆ వ్యాసము స్తోత్రముతో ప్రారంభము కాదు. సంసారి చికాకులతో ప్రారంభమగును. జపాను పద్ధతిలో ఇల్లు కట్టుకొనదలచినవానికి విద్యుత్తు తీగెలను, గ్యాసు గొట్టములను, నీటి గొట్టములను ఎచ్చట దాచవలెనో తోచని యవస్థయే అందు మొదట కనబడును. తలుపులకు కాగితమా, గాజా యను సంశయమున పడి, లోపలివైపు కాగితమును, వెలుపలివైపు గాజును అమర్చి, తుదకు రెంటికి చెడిన వైనమును ఆయన దాచుకొనలేదు. సౌందర్యమునకు ముందు సౌకర్యమును గూర్చి మాటలాడిన ఆ నిజాయితీయే ఆ వ్యాసమునకు బలము.

తనిజాకి మెచ్చిన నీడ రంగు డబ్బాలోనుండి వచ్చినది కాదు. జపానులో వానలు మెండు; కొయ్యయు, మట్టియు, కాగితమును వాన దెబ్బకు తాళవు. కావున కప్పును గోడలు దాటించి చాల ముందునకు చాచి కట్టిరి. ఆ చూరు క్రింద వసారా. వసారాకు లోపల కాగితము అంటించిన జరుగుడు తలుపులు. ఆకాశపు వెలుగు నేరుగా లోపలికి రాజాలదు. అది తోటలోని నేలమీద పడి, అచ్చటినుండి పైకి ప్రతిఫలించి, చూరు క్రిందుగా సాగి, కాగితము గుండ వడకట్టబడి, చాపల మీదికి పాకివచ్చును. గదిలో లోతునకు పోయినకొలదియు పలుచనగును. అట్లు పలుచనైపోవుటయే నీడ. ఉదయమునకొక తీరున, ముసురు పట్టిన నాటికొక తీరున అది మారుచుండును. లక్కపాత్రల మీది బంగారు గీతలు ఆ పలుచని వెలుగులోనే జీవము పోసికొనుననియు, విద్యుద్దీపము క్రింద అవియే ఆర్భాటముగా తోచుననియు తనిజాకి గమనించెను. ఇంతకు తేలినదేమనగా, ఆ నీడకు మూలము వెలుగే. వెలుగు రానిచోట ఉండునది నీడ కాదు, చీకటి.

ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము మరియొకటి కలదు. తేనీటి విధికి ఆచార్యుడైన సెన్ నో రిక్యూ (1522–1591) కల్పించినదిగా చెప్పబడు తైయాన్ అను గది క్యోటో సమీపమున యమజాకిలో నేటికిని నిలిచియున్నది. దాని వైశాల్యము రెండు చాపలు. చాప యొక్కటి సుమారు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. వంగి ప్రాకుచు పోవలసిన చిన్న ద్వారము, గడ్డి కలిపిన మట్టి గోడలు, చిన్న కిటికీలు. మసకగా నుండు ఆ గదిలో సైతము కిటికీలను మానలేదు. ఎచ్చట ఎంత వెలుగు కావలెనో చూచి పెట్టిరి. అచ్చట మసక లక్ష్యము కాదు, ఏకాగ్రతకు సాధనము. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ రెండు చాపల గదిలో ఎవరును కాపురము చేయలేదు. కొంతసేపు కూర్చుండి, ఒక గిన్నె తేనీరు త్రాగి లేచిపోవు చోటది.

నలుపును గూర్చియు ఇట్టి భ్రమయే కలదు. పాత జపాను పల్లెయిండ్ల దూలములు నల్లగా నుండుటకు ఎవరును రంగు పూయలేదు. నడియింటి నేలలో అమర్చిన పొయ్యినుండి తరతరములుగా లేచిన పొగ వాటిని నల్లబరచినది. పురుగునుండి కాపాడినదియు ఆ పొగయే. నేడు నగరములలో గోడపలకలుగా అమ్ముడగు 'యకిసుగి', అనగా పైపైన కాల్చి బొగ్గు చేసిన సుగి చెక్క, ఇంటి వెలుపలి గోడను వాననుండి, పురుగునుండి రక్షించుటకై పుట్టినది. వెలుపలి కవచమును తెచ్చి పడకగదికి తొడుగుట, గొడుగును మంచముమీద పరచుకొనుట వంటిది. చూచుటకు వింతగా నుండవచ్చును గాని, గొడుగు చేయు పని అచ్చట లేదు.

బొటీక్ హోటలు వంశవృక్షము వేరు. 1978లో లండనున అనూష్కా హెంపెల్ నెలకొల్పిన బ్లేక్స్ హోటలును, 1984లో న్యూయార్కున ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ అనువారు తెరచిన మోర్గన్స్ హోటలును ఈ జాతికి తొలి యుదాహరణములుగా చెప్పుదురు. మోర్గన్స్ లోపలి రూపకల్పన ఫ్రెంచి వనిత ఆంద్రే పుట్మాన్‌ది. పెద్ద హోటలు సకల వస్తువులు దొరకు బజారు వంటిదైనచో, తమది ఏరి పెట్టిన సరకుల చిన్న అంగడి వంటిదని రుబెల్ చేసిన పోలికనుండి ఆ పేరు పుట్టినదందురు. ఇట్టి హోటళ్లు అమ్మునది గదిని మాత్రమే కాదు. ఒక రాత్రి తన నిత్యజీవితమును మరచియుండు అవకాశమును. ఆ మరపునకు మసక వెలుగు తోడ్పడును. ఒక రాత్రికి అది తగినదే.

అయినను హోటళ్లలో ఉత్తమమైనవి చీకటిని నమ్ముకొనలేదు. టోక్యోలో 1962లో తెరచిన ఒకురా హోటలు ముంగిటి మందిరము యోషిరో తనిగుచి రూపకల్పన. పూసల దండలవలె వ్రేలాడు దీపములును, కాగితపు తెరల గుండ దిగు మెత్తని వెలుగును దానికి కీర్తి తెచ్చినవి. 2015లో ఆ భవనమును పడగొట్టినపుడు దేశవిదేశముల కళాభిమానులు చింతించిరి. 2019లో తెరచిన క్రొత్త భవనమున ఆ మందిరమును శిల్పి కుమారుడు యోషియో తనిగుచి మరల నిర్మించెను. ఆ మందిరము పోయినదని జనులు వగచినది నల్లరంగు కొరకు కాదు. వడకట్టిన వెలుగు కొరకు.

హోటలు గది యందమునకు రహస్యము దాని గోడలలో లేదు, గోడల వెనుక నున్నది. మాసిన దుప్పట్లు ఎచ్చటనో ఉతుకబడును. వంట మరియొక చోట జరుగును. అతిథి సామాను ఒక పెట్టెలో ఇమిడిపోవును. దుమ్ము తుడుచుటకు వేతనము తీసికొను చేతులు ప్రతి దినమును వచ్చును. అపార్ట్‌మెంటుకు అట్టి వెనుకభాగము లేదు. బియ్యపు డబ్బా, ఇస్త్రీ బల్ల, పిల్లల పుస్తకముల సంచి, పండుగనాటి పెద్ద గిన్నెలు, తాతగారి మందులు అన్నియు ఆ నాలుగు గదులలోనే ఉండవలెను. హోటలువలె కనబడవలెనను పట్టుదల వచ్చినపుడు ఇవియన్నియు నేరస్థులవలె దాగవలసివచ్చును. నిగనిగలాడు నల్లని బల్లమీద వ్రేలిముద్రయు, దుమ్మును తెల్లనిదానిమీదకంటె ముందుగా కనబడును. ఆ ముద్రలను దినమునకు మూడుమారులు తుడుచువారెవరు? అలంకారమును కోరినవారొకరు, దాని చాకిరి చేయువారు మరియొకరు అగుట పెక్కు ఇండ్ల అనుభవమే.

కంటి సంగతియు ఆలోచింపదగినది. తెల్లని గోడ తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ల వరకు తిరిగి గదిలోనికి పంపును. నల్లని గోడ 5 పాళ్లు పంపుటయు కష్టము. కావున అదే గది, అదే దీపము, గోడ రంగు మారినంతనే వెలుగు తరిగిపోవును. వయస్సు మీరినకొలదియు కంటిపాప కుంచించుకొనును, లోపలి కటకము పసుపువారును. అరువది యేండ్ల కంటిలోనికి, ఇరువది యేండ్ల కంటితో పోల్చినచో, సుమారు మూడవ వంతు వెలుగు మాత్రమే చేరును. ముప్పది యేండ్ల దంపతులకు హాయిగొల్పు మసకలో వారి తల్లి మెట్టు కానక తూలవచ్చును. బిడ్డ పాఠము చదువుకొనలేకపోవచ్చును. ఇల్లు ఒక వయస్సువారి సొత్తు కాదు.

ఈ సంగతి తనిజాకి స్వయముగా ఎరుగును. ఆయన మరియొక ఇల్లు కట్టింపదలచినపుడు వచ్చిన శిల్పి, తాను ఆ వ్యాసము చదివితిననియు, కావలసినదేమో తనకు తెలియుననియు సగర్వముగా పలికెనట. అట్టి ఇంటిలో తాను ఎన్నటికిని కాపురముండలేనని తనిజాకి బదులు చెప్పెనని ఆయన భార్య చెప్పిన ముచ్చట ఆంగ్లానువాదపు అనుబంధమున కలదు. దీనినిబట్టి ఆయన వ్యాసము బూటకమనరాదు. ధ్యానింపదగినదెల్ల నివసింపదగినది కాదని మాత్రమే దీని తాత్పర్యము. ఆయన దేశీయులును ఆ మార్గముననే నడచిరి. 1955లో స్థాపితమైన జపాను గృహనిర్మాణ సంస్థ వంటగదిని, భోజనశాలను ఒకటిచేసి వేలకొలది అపార్ట్‌మెంట్లు కట్టెను. యుద్ధానంతరపు సామాన్య గృహములలో కప్పు నడుమ తెల్లని ఫ్లోరసెంటు దీపమే వాడుకైనది. పరదేశములవారు జపాను ఇల్లని ఊహించునది సామాన్య జపానీయుడు నేడు నివసించు ఇల్లు కాదు.

తెలుగువారి పాత మండువా లోగిలిని ఇచ్చట తలచుకొనుట అప్రస్తుతము కాదు. అచ్చటను లోతైన చూరులు, అరుగులు, గోడలలో దీపపు గూళ్లు ఉండెను. అయితే మండువాలో వెలుగు నడుమనున్న తెరపినుండి పైనుంచి దిగును. జపాను ఇంట నేలనుండి ఎగయును. రెంటను ఎండవానలనుండి తప్పించుకొను యత్నమున నీడ తానై పుట్టినది. తలదాచుకొన 'నీడ' లేదనుట తెలుగు నుడికారము. 'చీకటి' లేదని ఎవరును విచారింపరు.

అట్లని కోర్కెను చంపుకొననక్కరలేదు. ఇల్లెల్ల నలుపు చేయుటకు బదులు ఒక్క గోడనో, ఒక్క చిన్న గదినో ముదురు రంగునకు విడిచిపెట్టవచ్చును. కిటికీకి ఎదుటి గోడ మాత్రము లేతగా ఉండవలెను. నిగారింపు రంగుకంటె సున్నపు గార మేలు. కప్పు దీపమును వంటకు, చదువునకు ఉంచి, సాయంకాలమునకు నేలకు దగ్గరగా రెండు మూడు చిన్న దీపములు, వెలుగును తగ్గించి హెచ్చించు మీటతో అమర్చుకొనవలెను. కొవ్వొత్తి వన్నెకు చేరువగా నుండు 2700 కెల్విను బల్బులు అందులకు చాలును. కాగితపు లాంతరు కోరినచో దానికి మంచి చరిత్రయే కలదు. 1951లో గిఫు పట్టణపు లాంతర్ల పనిని చూచి శిల్పి ఇసాము నొగుచి వెదురును, కాగితమును కలిపి 'అకారి' దీపముల పరంపర ప్రారంభించెను. జపాను చాప తేమకు బూజు పట్టును. కోస్తా ఊళ్లలో దానికంటె తుంగచాప తగినది. దిగుమతి నల్లరాతికి మారుగా కడప రాయి కలదు. అన్నిటికంటె ముందుగా కావలసినవి అలమారలు. దాచుకొను చోటు లేని ఇంట శూన్యము కొన్నాళ్లకే చిందరవందర యగును.

జపాను ఇంటినుండి నేర్వదగినది రంగు కాదు, మితము. గోడలో ఒక గూడు, అందు ఒక్క చిత్తరువు, ఋతువు మారినపుడు అదియు మారుట. పాదరక్షలు గుమ్మము కడనే విడచుట. ఒకే గది పగలు కూర్చుండుటకు, రాత్రి పరుండుటకు పనికివచ్చుట — వీనికి డబ్బుకంటె నిగ్రహము ఎక్కువ కావలెను. హోటలు నేర్పునది దీనికి వ్యతిరేకము. అచ్చట ప్రతి వస్తువును అతిథి కంటపడి మెప్పు పొందవలెను. ఇంటికి మెప్పుతో పని లేదు. అలసినవాడు వచ్చి కన్ను మూసికొనుటకు నీడయు, లేచి కన్ను తెరచుటకు వెలుగును ఉన్నచో అది ఇల్లగును. నీడను వెలుగునుండి సంపాదింపవలెనే గాని, డబ్బాలో కొనితెచ్చి పూయరాదు.