మోరీలో పాత ఇత్తడి నల్లా

చాళ్లలో మోరీ బాగు చేయిస్తుంటే ప్లంబరు మొదట అనే మాట "పాత నల్లా పారేయండి" అని. పారేయకండి. ఇత్తడి నల్లా కారేది చాలాసార్లు లోపలి వాషరు అరిగే. పాత అరంగుళం నల్లా కొత్త సీపీవీసీ పైపుకూ కుదురుతుంది. ఇత్తడి మర ఉన్న జాయింటు అడగండి, ఒట్టి ప్లాస్టిక్ మర పగులుతుంది. టేపు మర బిగిసే వైపే చుట్టాలి.

అసలు భయం గోడలోని తుప్పు పైపుతోనే. ముందు వాల్వు కట్టేయండి. ఒక పానాతో పైపును అదిమి పట్టి, రెండో పానాతో నల్లా తిప్పండి. ఒంటి పానాతో తిప్పితే పైపు గోడలోనే విరగొచ్చు, అప్పుడు అందరికీ నీళ్లు బంద్. మరలకున్న పాత సఫేదాలో సీసం ఉండొచ్చు. తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.