రెమిషన్ వచ్చాక కూడా కీమో ఎందుకు? ఏఎంఎల్ రోగుల ఇళ్లలో వచ్చే ప్రశ్న

శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో ఉండే మీ బంధువుకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చిందనుకుందాం. బెంగళూరులో నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాక ఎముక మజ్జ పరీక్ష చేసి, ‘రెమిషన్ వచ్చింది’ అన్నారు డాక్టర్లు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. మళ్లీ కీమోకు రమ్మంటే మాత్రం, ‘జబ్బు పోయింది కదా, ఇంకెందుకు?’ అంటారు ఎవరో ఒకరు. అసలు ప్రమాదం ఆ మాటతోనే.

రెమిషన్ అంటే జబ్బు నయమైనట్టేనా?

కాదు. మజ్జలో బ్లాస్టులనే అపరిపక్వ కణాలు 5 శాతం కంటే తగ్గాయి, న్యూట్రోఫిల్స్ వెయ్యి, ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి అని మాత్రమే అర్థం. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలు ఉండొచ్చు. వెయ్యింటికి 999 చచ్చినా ఇంకా వంద కోట్లు మిగులుతాయి. మైక్రోస్కోపుకు అవి దొరకవు.

మొదటి విడత కీమోను ‘7+3’ అంటారు. సైటారాబిన్ 7 రోజులు, డౌనోరూబిసిన్ 3 రోజులు. 60 ఏళ్లలోపు వారిలో 60 నుంచి 80 శాతం మందికి దీంతో రెమిషన్ వస్తుంది. దీర్ఘకాలం బతికేవారు మాత్రం 35 నుంచి 40 శాతం. 60 దాటినవారిలో ఇది 5 నుంచి 15 శాతమే. మధ్యలో తగ్గిపోయినవారిలో ఎక్కువ మందికి జబ్బు తిరగబెట్టింది. రెమిషన్ తర్వాత ఏ చికిత్సా ఇవ్వకపోతే దాదాపు అందరికీ నెలల్లోనే తిరగబెడుతుంది. అందుకే ఎక్కువ డోసు సైటారాబిన్ మరో మూడు నాలుగు విడతలు ఇస్తారు, లేదా మూలకణ మార్పిడి చేస్తారు. ఏది అవసరమో చెప్పేది జన్యు పరీక్ష. ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. (ఏపీఎల్ అనే ఉపరకం వేరే కథ, దాని మందులూ వేరు, ఫలితాలూ చాలా మెరుగు.)

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. ఐదేళ్లు దాటితే డాక్టర్లే ధైర్యంగా మాట్లాడతారు.

ఖర్చు ఎలా?

ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ కీమో ఉంది. ఏ ఆసుపత్రిలో ఎన్ని విడతలకు అనుమతి ఉందో మొదటి రోజే అక్కడి హెల్ప్‌డెస్క్‌లో అడగండి. బిల్లు పథకం కట్టినా ఊరుగాని ఊళ్లో గది అద్దె, తోడున్నవారి కూలి మీ నెత్తినే పడతాయి. వానల్లేని ఏడాది ఇంటి లెక్క తప్పేది ఇక్కడే.

ఇంకొక్కటి. ప్రతి విడత తర్వాత తెల్లకణాలు పడిపోతాయి. ఇంటికొచ్చాక జ్వరం 100.4 డిగ్రీలు తాకితే పారాసిటమాల్ వేసి, తెల్లారి రైలుకు చూద్దాంలే అనుకోకండి. ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.