డాక్టరు పక్కన నిలబడే అమ్మాయికి చదువు వద్దా?

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన వాళ్ళకి డాక్టరు పేరు గుర్తుంటుంది. నోట్లో ఊరే నీటిని గొట్టంతో లాగుతూ, సిమెంటు కలిపి అందిస్తూ, వాడిన పరికరాలు కడిగి ఆటోక్లేవులో పెట్టే అమ్మాయి పేరు ఎవరూ అడగరు. ఆ పని ఆమెకు ఎవరు నేర్పారన్నది అసలు ప్రశ్నే కాదు.

డిగ్రీతో చదువు అయిపోదని, వైద్యం మారుతున్నప్పుడు వైద్యులూ నేర్చుకుంటూ ఉండాలని అంటున్నారు. న్యాయమైన మాటే. కాని ఆ నేర్చుకోవడం చాలావరకు డాక్టర్ల సదస్సుల దగ్గరే ఆగిపోతోంది. డెంటల్ హైజీనిస్టులకు విడిగా రిజిస్టరు ఉండాలని 1948 నాటి దంతవైద్యుల చట్టమే చెప్పింది. దాని స్థానంలో తేవడానికి పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. చట్టాల సంగతి అలా ఉండగా, చాలా ప్రైవేటు క్లినిక్కులు కోర్సు చదివిన హైజీనిస్టుకు బదులు ఇంటర్ చదివిన అమ్మాయిని తక్కువ జీతానికి పెట్టుకుని, చూసి నేర్చుకోమంటాయి. పదేళ్ళు చేసినా ఆమె చేతిలో ఒక్క కాగితం ఉండదు. వేరే చోటికి మారితే మళ్ళీ మొదటి మెట్టే.

ఆమె ఒంటికీ ప్రమాదమే. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి సోకవచ్చు. దానికి మూడు డోసుల టీకా ఉంది. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేని అమ్మాయి వేలు చున్నీకి తుడుచుకుని పనిలో పడిపోతుంది.

రోగుల వైపు నుంచి చూసినా నష్టమే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అలవాటు ఎక్కువగా స్త్రీలదే. ఆ వేడికి అంగిలి మీద తెల్లమచ్చలు, పుళ్ళు వస్తాయి. కొన్ని కాన్సరుగా మారతాయి. పరిశోధకులు 1960ల నుంచీ దీన్ని గురించి రాస్తూనే ఉన్నారు. అంగిలి ఎలా చూడాలో నేర్పితే ఆ మచ్చను ముందుగా గుర్తుపట్టి డాక్టరుకు చూపించగలిగేది ఈ అమ్మాయే. చేపలమ్మే అవ్వ చుట్ట సంగతి మొహమాటం లేకుండా చెప్పుకునేదీ ఆమెకే.

బ్రిటన్‌లో 2008 నుంచి డెంటల్ నర్సులు కూడా రిజిస్టరు కావలసిందే. ఐదేళ్ళలో డాక్టరు 100 గంటలు, హైజీనిస్టు 75, నర్సు 50 గంటల శిక్షణ చూపించాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ గంటలకు జీతమివ్వాలని గాని, ఫీజు యజమానే కట్టాలని గాని ఆ నిబంధన చెప్పదు. ఆదివారం పూట పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, సొంత డబ్బు పెట్టి నేర్చుకోమంటే దాన్ని హక్కని ఎలా అంటాం? మన దగ్గర ఇలాంటి నిబంధన పెట్టే ముందే ఈ సంగతి తేలాలి.

శిక్షణ పనివేళల్లో, జీతంతో, తెలుగులో జరగాలి. టీకా ఖర్చు యజమాని భరించాలి. సర్టిఫికెట్టు ఆమె పేరు మీద, ఏ క్లినిక్కుకు వెళ్ళినా చెల్లేలా ఉండాలి. ఊళ్ళో దంతవైద్య శిబిరం పెట్టమని మన సంఘాలు డెంటల్ కాలేజీలను పిలుస్తూనే ఉంటాయి. ఈసారి పిలిచేటప్పుడు, చుట్టుపక్కల క్లినిక్కుల్లో పనిచేసే అమ్మాయిలకు ఒక పూట అంగిలి పరీక్ష, సూది జాగ్రత్తలు నేర్పాలని కూడా అడుగుదాం.