ఆడువాడు – ఆడించువాడు

పందెము ముగిసిన పిదప జనులు గెలిచినవానిని భుజములపై నెత్తుకొని యూరేగింతురు. వానికి నేర్పినవా రెవరని యడుగువారు మిక్కిలి యరుదు. మన బడులలోను నిదియే తీరు. బహుమాన దినమున బాలుడు వేదిక యెక్కును. తెల్లవారకమున్నే వానిని లేపి మైదానమునకు తెచ్చిన వ్యాయామోపాధ్యాయుడు గుంపు వెనుక నెచ్చటనో నిలిచియుండును. ఆడుట వేరు, ఆడించుట వేరు. రెండవది మొదటిదానికంటె కష్టమైనదనియు, ఎక్కువ కాలము నిలుచునదనియు మా యభిప్రాయము. దీనికి సాక్ష్యముగా నొక బడిపంతులుగారి చరిత్రమును విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను నుంచుచున్నాము.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1909 వ సంవత్సరము ఆగష్టు 17 వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు నచ్చటి ఫుట్‌బాలు జట్టులో నాడిరి. పట్టము పొందిన పిదప నుపాధ్యాయ వృత్తి నవలంబించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామ విద్యలోను శిక్షణ పొందిరి. ఆటగాండ్రుగా వారికి నగరములో మంచి పేరు కలదు. కాని దేశపు జట్టులో నాడు భాగ్యము వారికి లభింపలేదు. అంతటితో వారి కథ ముగిసియుండిన నేడు వారిని తలచువా రుండరు.

ఆట ముగిసినచోటనే వారి యసలు పని మొదలైనది. 1943 లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, కడపటి దినము వరకు నా భారమును మోసిరి. 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా నైదు మారులు గెలిచెను. మా ఖమ్మము సీమయు నాడు హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక నా గెలుపులో మాకును కొంత పాలు కలదని చెప్పుకొందుము.

వారు నేర్పిన పద్ధతి బడిపంతులు పద్ధతియే. కుడికాలితో మాత్రమే బంతిని తన్నగల బాలునకు ఎడమకాలు నేర్పవలెనన్న నేమి చేయవలెను? రహీమ్ గారు బలహీనమైన కాలితోనే యాడవలసిన పందెములను పెట్టిరి. బంతిని తనయొద్దనే యుంచుకొని యెదుటివారిని తప్పించుచు పరుగెత్తు గర్వమును మాన్పుటకై, అట్లు చేయరాదను నియమముతో వేరొక పందెమును పెట్టిరి. లెక్కలలో వెనుకబడిన పిల్లవానికి లెక్కలే యెక్కువగా నిచ్చు గురువును చూచితిమిగదా, ఇదియు నట్టిదే.

పేద బాలురను వెదకి తెచ్చుటయు శిక్షణలోని భాగమేయని వారెరుగుదురు. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అను బాలుడుండెను. సాధనకై నగరమునకు వచ్చిపోవుటకు వానికి సొమ్ము లేదు. రహీమ్ గారు సైకి లేర్పాటు చేసి రప్పించిరి. ఆ బాలుడే తరువాత 1956 లో మెల్బోర్నునందును, 1960 లో రోమునందును ఒలింపిక్ క్రీడలలో దేశము పక్షమున నాడెను.

విజయములనే చెప్పి యోటమిని దాచుట మాకు సమ్మతము గాదు. 1951 లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీమ్ గారి జట్టు ఇరాను నోడించి స్వర్ణపతకము గొనెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఆ దేశపు జట్టే యుగోస్లావియాతో నాడి 10–1 గా నోడిపోయెను. మనవారిలో పలువురు వట్టికాళ్లతో నాడిరి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లలో రహీమ్ గారు జట్టును తిరిగి కట్టిరి. 1956 లో మెల్బోర్నున ఆస్ట్రేలియాను 4–2 గా నోడించి, మన జట్టు నాలుగవ స్థానమును పొందెను.

1962 లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ గారు ఊపిరితిత్తుల పుట్టకురుపుతో బాధపడుచుండిరి. ఆటగాండ్రలో కొందరికి గాయములు, మరికొందరికి జ్వరములు. చూడవచ్చిన జనము మన జట్టుపై కోపముతో కేకలువేయుచుండెను. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును వెనుక వరుస నుండి ముందు వరుసకు మార్చి రహీమ్ గారు ఆడించిరి. సెమీఫైనలులోను, ఫైనలులోను నతడు గోలు చేసెను. సెప్టెంబరు 4 వ తేదీన దక్షిణ కొరియాపై 2–1 తో మనకు స్వర్ణపతకము లభించెను. అటు పిమ్మట సంవత్సరమైన గడవకమున్నే, 1963 జూను 11 వ తేదీన, ఆ గురువు కన్నుమూసిరి.

నేర్పువానిని తక్కువగా చూచుట మనదేశమునకే పరిమితము గాదు. కాలిబంతికి తోబుట్టువైన రగ్బీ యాట ఇంగ్లాండులో నొక బడి పేరనే వెలసినది. అయినను ఆ దేశపు జట్టునకు మొట్టమొదటి శిక్షకుడు, పూర్వము తానే యాడిన డాన్ వైట్, 1969 లో గాని నియమింపబడలేదు. 1971 లో స్కాట్లాండువారు బిల్ డికిన్సన్ ను నియమించుచు, శిక్షకుడను పేరు పెట్టుటకు జంకి ‘నాయకునకు సలహాదారు’ అనిరి. ఆ జంకు నేటికిని మన మనస్సులలో నున్నదని మా యనుమానము.

“ఆట కూడు పెట్టునా?” యని తలిదండ్రు లడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. ఆటగాని కాళ్లు ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే యలసిపోవును. దేశపు జట్టునకు చేరువారు వేయింట నొక్కరు. అందుచేతనే ఆడువానికి నేర్పుటయు నేర్పవలెనని మేము చెప్పుచున్నాము. రహీమ్ గారికి కూడుపెట్టినది బడి. ఆ బడియే దేశమునకు జట్టును పెట్టినది.

ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల యీ యడవి పొలిమేరలో బలమైన కాళ్లకు కొదువ లేదు. చర్ల మండలములోని కలేరు గ్రామపు బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాదు సీమ బాలిక మాలావత్ పూర్ణతో గూడ 2014 మే 25 వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కినవాడు. భువనగిరి గుట్టపై వారికి ఎక్కుట నేర్పిన గురువు శేఖర్ బాబు లేకున్న నా బాలుని బలము కలేరు దాటియుండునా? కొదువ యున్నది కాళ్లకు గాదు, చూచి నేర్పు కన్నులకు.

కావున మా మనవులు మూడు. పరీక్షలు దగ్గరపడినవని యాటల గంటను వేరు పాఠములకు తీసికొనకుందురు గాక. బహుమాన దినమున వ్యాయామోపాధ్యాయునకు వేదికపై నొక కుర్చీ వేయుదురు గాక. పై తరగతుల విద్యార్థులు తలకొక చిన్న తరగతి జట్టును చేపట్టి, వారమున కొక్క సాయంకాలమైనను నేర్పుదురు గాక. మూడవదానికి సొమ్ముతో పనిలేదు.

విద్యార్థులారా! మీలో ననేకులకు ఈ బడి విడిచిననాడే యాటయు ముగియును. నాడు విచారింపకుడు. మీ యూరి బయలులో పిల్లలు బంతితో నాడుచునే యుందురు. వారిలో నొకనికి ఎడమకాలు రాదు. మీ పని యచ్చట మొదలగును.