ప్రాసెసర్‌కు రిటైర్మెంట్ ఎప్పుడు?

ద్రాక్షారామం చుట్టుపక్కల దాళ్వా మాసూళ్లు పూర్తయ్యే రోజులూ, పిల్లలకు వేసవి సెలవులిచ్చే రోజులూ ఇంచుమించు ఒకటే. అందుకే ధాన్యం డబ్బులు ఇంటికి రావడం, 'నాన్నా... గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, కొత్త ప్రాసెసర్ కావాలి' అని కొడుకు అడగడం కూడా ఒకేసారి జరుగుతుంటాయి. ఆ సిస్టమేమో పెద్దాడు కాకినాడలో బీటెక్ చేరినప్పుడు కొన్నది. వాడు చదువు ముగించుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని ఉద్యోగానికి వెళ్లిపోయాడు. డబ్బా తమ్ముడి వంతుకొచ్చింది. 'బాగానే ఆన్ అవుతోందిగా!' అంటాడు తండ్రి. 'అది మ్యూజియంలో పెట్టాల్సిన సరుకు' అంటాడు కొడుకు. మరి ఎవరి మాట నిజం?

చాలా ఇళ్లలో ఎవరి గొంతు పెద్దదైతే తీర్పు వారివైపే. నిజానికి ఈ తగువు తేల్చడానికి పది నిమిషాల పరీక్ష చాలు. పైసా ఖర్చు లేదు. అది చెయ్యకుండా దుకాణానికి వెళ్తే మాత్రం తప్పు భాగాన్ని మార్పించుకుని, వేలు పోసి, అదే నత్తనడకతో ఇంటికి తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

నారు తీత... ఊడ్పు!

ఆట ఆడేటప్పుడు కంప్యూటర్‌లో రెండు ముఖ్యమైన పనులు జరుగుతాయి. శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు వెళ్లింది, గోడకు తగిలిందా లేదా... ఈ లెక్కలన్నీ చూసేది ప్రాసెసర్. ఆ లెక్కల ప్రకారం బొమ్మ గీసి తెరమీదకు పంపేది గ్రాఫిక్స్ కార్డు. అలా గీసిన ఒక్కో బొమ్మనే ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దక్కే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. 144 ఫ్రేములు కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండదు.

డెల్టాలో పుట్టినవారికి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. నాట్ల రోజుల్లో ఒక జట్టు నారు తీసి కట్టలు అందిస్తుంది. ఇంకో జట్టు మడిలో దిగి ఊడుస్తుంది. కట్టలు గుట్టలుగా పడి ఉండి నాటేవాళ్లకు తీరిక లేకపోతే అక్కడ మనుషుల్ని పెంచాలి. అదే నాటేవాళ్లు చేతులు కట్టుకుని గట్టుమీద నిలబడితే? లోటు నారు తీసే దగ్గరుంది. అప్పుడు నాటేవాళ్లను ఇంకో పదిమందిని పిలిచినా పని ముందుకు సాగదు.

ప్రాసెసర్‌ది నారు తీత. గ్రాఫిక్స్ కార్డుది ఊడ్పు. ఎవరు ఖాళీగా ఉన్నారో చూడటమే మన పరీక్ష.

పది నిమిషాల్లో తేలిపోతుంది

ముందుగా గేమ్ సెట్టింగుల్లో వీ-సింక్‌నీ, ఫ్రేముల పరిమితినీ తీసెయ్యండి. అవి ఉంటే ఆట కావాలనే 60 దగ్గర ఆగిపోవచ్చు. ఇప్పుడు ఎక్కువగా తడబడే చోటికే వెళ్లి ఆడండి. విండోస్ మీట, జి మీట కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ అన్న చిన్న కిటికీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎంత శాతం పనిచేస్తున్నాయో, ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపిస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు 95 శాతం పైన ఉందా? అయితే ప్రాసెసర్‌ది తప్పు లేదు. కార్డు శక్తే చాలడం లేదు. అది 50, 60 శాతం దగ్గర తచ్చాడుతోందా? అంటే ప్రాసెసర్ లెక్కలు ఎప్పుడు పంపుతుందా అని ఎదురుచూస్తోందన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రాసెసర్ వాడకం 40 శాతమే చూపిస్తోంది కదా, దానికేం ఢోకా లేదనుకుంటారు. నాలుగు కోర్లున్న ప్రాసెసర్‌లో ఒక కోరు పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 25 శాతమే! ఆటలో ప్రధానమైన పని తరచూ ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. కాబట్టి మొత్తం అంకె కాదు, గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇంకా అనుమానమా? ఆట రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించండి. దాంతో బొమ్మ గీసే పని తగ్గుతుంది, లెక్కల పని దాదాపు అంతే ఉంటుంది. ఫ్రేములు బాగా పెరిగాయంటే ఇన్నాళ్లూ ఆపింది గ్రాఫిక్స్ కార్డు. పెద్దగా కదల్లేదంటే అనుమానం ప్రాసెసర్ మీదికి వెళ్లాలి.

ముందు దుమ్ము దులపండి

ప్రాసెసర్‌దే లోపమని తేలినా పర్సు తియ్యడానికి ఇంకా తొందరేం లేదు. ఆట మొదట్లో హాయిగా నడిచి, పావుగంట తర్వాత మొరాయిస్తోందా? అది చాలాసార్లు వయసు తెచ్చిన జబ్బు కాదు, వేడి. మే నెలలో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాన్ రెక్కల నిండా దుమ్ము, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తోడైతే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కరెంటు తీసేసి లోపల శుభ్రం చేయించి, కొత్త పేస్టు రాయిస్తే పోయిన వేగం తిరిగొస్తుంది.

రెండోది ర్యామ్. ఒకే స్టిక్కు ఉంటే ప్రాసెసర్‌కు సమాచారం వచ్చే దారి ఒక్కటే. అంతే సామర్థ్యాన్ని రెండు స్టిక్కులుగా, సరైన స్లాట్లలో పెడితే దారులు రెండవుతాయి. చాలా ఆటల్లో తడబాటు తగ్గుతుంది. ఉన్న 8 జీబీ పూర్తిగా నిండిపోతుంటే ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా ఆట ఆగుతూనే ఉంటుంది. ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఆడుతుంటే ఎస్‌ఎస్‌డీ మంచి మందు. ఫ్రేముల సంఖ్య పెద్దగా పెరగదు గానీ ఆట తెరుచుకోవడానికి పట్టే కాలం బాగా తగ్గుతుంది.

మూడోది మానిటర్. అది 60 హెర్ట్జ్‌ది అయితే సెకనుకు 60 సార్లే తెరను మార్చగలదు. మీరాడే ఆటలో 60 ఫ్రేములు నిలకడగా వస్తుంటే కొత్త ప్రాసెసర్ 120 తెచ్చినా కంటికి కనిపించే తేడా తక్కువే. ఆ డబ్బు బ్యాంకులో ఉంటేనే మేలు!

నాలుగు కోర్లకు కాలం ఎందుకు చెల్లింది?

ఒకప్పుడు కంప్యూటర్ కొన్న రెండేళ్లకే పాతబడిపోయేది. పెంటియమ్-4 2000లో 1.4 గిగాహెర్ట్జ్‌తో మొదలై 2004 కల్లా 3.8కి చేరింది. ఆ తర్వాత వేడి అడ్డుపడి ఆ పరుగు ఆగింది. 2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఐ5-2500కెలో నాలుగు కోర్లు. 2017 మొదట్లో వచ్చిన ఏడో తరం డెస్క్‌టాప్ ఐ5లోనూ నాలుగే! ఆ ఏడాది మార్చిలో ఏఎండీ రైజెన్ రంగంలోకి దిగింది. అక్టోబరులో ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ఆరు కోర్లతో వచ్చింది. అందుకే 2011లో కొన్న ప్రాసెసర్ చాలా ఏళ్లు ఆటలకు ఢోకా లేకుండా పనిచేసింది.

ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద కంపెనీలు ఆటలను కంప్యూటర్‌తోపాటు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల కోసమూ తయారుచేస్తాయి. 2013 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్-4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో ప్రాసెసర్లు చాలా బలహీనం. వాటిలో ఆడేలా చేసిన ఆట మామూలు ఐ5 మీద ఇట్టే నడిచేది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్-5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో ఎనిమిది కోర్ల జెన్-2 ప్రాసెసర్లు పెట్టారు. కొన్నాళ్లు కంపెనీలు పాత యంత్రాలకూ ఆటలు చేశాయి. తర్వాత మెల్లగా మానేశాయి. కొత్త ఆటలు బరువెక్కాయి. నాలుగు కోర్ల ప్రాసెసర్లు ఒక్కసారిగా ముసలివైపోయినట్టు కనిపించింది అందుకే. మారింది ప్రాసెసర్ కాదు, ఆటలు!

కాబట్టి ఏ ఆట ఆడతారన్నది ముందు తేల్చుకోవాలి. 2015లో కంప్యూటర్ మీదకొచ్చిన జీటీఏ-5తో సరిపెట్టుకునేవారి అవసరం వేరు. కౌంటర్ స్ట్రైక్-2లో గెలుపోటముల కోసం 144 ఫ్రేములు కావాలనేవారి అవసరం వేరు. ఎప్పుడో రాబోయే ఆట కోసం ఇప్పుడే కొనడం మాత్రం దండగ. ఆట వచ్చాక, అది మన సిస్టమ్ మీద ఎలా నడుస్తుందో చూసుకుని కొంటే అదే డబ్బుకి ఇంకా మంచిది దొరకొచ్చు.

ఒకటి మారిస్తే మూడు!

ప్రాసెసర్ మార్చడం బల్బు మార్చినంత సులువైతే ఇంత చర్చే అక్కర్లేదు. అది మదర్‌బోర్డు మీది సాకెట్‌లో సరిపోవాలి. బోర్డు మారితే ర్యామ్ రకం కూడా మారొచ్చు. ఆరో, ఏడో తరం ఇంటెల్ బోర్డుల్లోనూ, ఎనిమిదో తరం బోర్డుల్లోనూ సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది. అయినా ఎనిమిదో తరం ప్రాసెసర్ పాత బోర్డులో పనిచేయదు. పేరు చూసి కొని లబోదిబోమన్నవాళ్లున్నారు.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకం?

ఏఎమ్4 బోర్డుతో రైజెన్ తొలితరం సిస్టమ్ అయితే అదృష్టవంతులే. 2017 నాటి బోర్డుల్లోనూ చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5600 లాంటి ప్రాసెసర్ సరిపోతుంది. బోర్డు, ర్యామ్ పాతవే. బోర్డు కంపెనీ వెబ్‌సైట్లో జాబితా చూసుకున్నాకే కొనాలి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడైపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆ పని వద్దు!

2019, 2020 ప్రాంతంలో కొన్న ఆరు కోర్ల ఐ5-9400ఎఫ్, ఐ5-10400 లాంటివైతే తొందరపడకండి. పైన చెప్పిన పరీక్ష చేస్తే లోటు గ్రాఫిక్స్ కార్డు దగ్గరే తేలే అవకాశం ఎక్కువ.

డీడీఆర్3 ర్యామ్‌తో నడిచే 2012, 2013 నాటి ఐ5 అయితే ప్రాసెసర్ ఒక్కటే మార్చడం కుదరదు. బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొనాల్సిందే. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎండీ ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే బేరమాడేటప్పుడు ప్రాసెసర్ ధర ఒక్కటే కాదు, మూడింటి మొత్తం రాయించుకోండి.

ఇక మార్చాల్సిందే అన్నది ఎప్పుడు?

కొన్నిసార్లు వేగంతో పనిలేకుండానే ప్రాసెసర్ గడువు ముగుస్తుంది. విండోస్-10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్-11కి టీపీఎం 2.0తోపాటు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం, రైజెన్‌లో 2000 సిరీస్ లేదా ఆ తర్వాతివి కావాలి. వాలరెంట్ లాంటి ఆట విండోస్-11 మీద ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాల్సిందే. కొన్ని కొత్త ఆటలు ఏవీఎక్స్2 అనే సదుపాయం అడుగుతాయి. ఇంటెల్‌లో అది 2013లో నాలుగో తరంతో వచ్చింది. అంతకుముందు ప్రాసెసర్లలో ఆ ఆటలు అసలు తెరుచుకోకపోవచ్చు.

కొనేటప్పుడు కాకినాడ, రాజమండ్రి దుకాణాలైనా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరైనా జాగ్రత్తలు ఒకటే. సీలున్న పెట్టెలో వచ్చే ప్రాసెసర్లకు ఇంటెల్, ఏఎండీలు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తాయి. పెట్టె లేకుండా ట్రేలో వచ్చేవి చవగ్గా దొరికినా వాటికి కంపెనీ నుంచి నేరుగా వారంటీ ఉండదు. బిల్లు తప్పకుండా తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అక్కడే బిగించి, అరగంట ఆట నడిపించి చూశాకే డబ్బివ్వండి.

తీసేసిన పాత ప్రాసెసర్‌ను అటకెక్కించకండి. ఆటకు పనికిరానిది అన్నిటికీ పనికిరాకుండా పోదు. పాత బోర్డు, ర్యామ్‌తో కలిపి లైనక్స్ వేయిస్తే చెల్లాయి స్కూలు ప్రాజెక్టుకీ, తాతయ్య పాత సినిమాలకీ ఇంకొన్నేళ్లు హాయిగా సరిపోతుంది!