రెండో అధ్యాయం

మన పరిశోధక మిత్రులకు రెండో అధ్యాయం ఓ మొక్కుబడి. సీనియర్ థీసిస్‌లోంచి నాలుగు పేరాలు దించేస్తే "పూర్వ పరిశోధనల సమీక్ష" అయిపోయినట్టే! గైడు గారూ అటువైపు చూడరు.

2001 జూన్‌లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూడండి. ఉబ్బసం మీద ప్రయోగంలో హెక్సామెథోనియం పీల్చిన 24 ఏళ్ల యువతి, ఏ జబ్బూ లేని మనిషి, ఊపిరితిత్తులు చెడి మరణించింది. పరిశోధకుడు ముందుగా వెతకలేదా? వెతికాడు. కాని ఆయన చూసిన కంప్యూటర్ సూచిక 1966 దగ్గర ఆగిపోయింది. ఆ మందు వాడిన రక్తపోటు రోగుల ఊపిరితిత్తులు దెబ్బతిన్న సంగతి 1950ల నాటి పత్రికల్లోనే అచ్చయి ఉంది.

ఇక శాఖల మధ్య గోడలు. చేపనూనె మీద రాసేవాళ్లూ, చలికి వేళ్లు పాలిపోయే రేనాడ్ వ్యాధి మీద రాసేవాళ్లూ ఒకరినొకరు చదవడం లేదని షికాగో ఆచార్యుడు డాన్ స్వాన్సన్ గమనించాడు. ఇరువురి రాతలనూ పక్కపక్కన పెట్టి, ఆ నూనె ఆ వ్యాధికి పనికిరావచ్చని 1986లో సూచించాడు. ప్రయోగశాల గడప తొక్కకుండానే సుమా! 1989లో వైద్యపరీక్ష ఆ సూచనకు బలమిచ్చింది.

అందుకే వైవాలో మొదటి ప్రశ్న రెండో అధ్యాయం మీదే అడగాలంటాను: ఎక్కడెక్కడ వెతికారు? ఏ ఏడు దగ్గర ఆపారు? ఎందుకు ఆపారు?